చేతిలో రెండు లక్షలున్నాయి, సొంత పాటలు చేస్తున్నాను: వీడియోకి పెట్టాలా, గదికి పెట్టాలా, గొంతుకి పెట్టాలా?

గోదారి_గాలి:
అందరికీ నమస్తే. మాది కాకినాడ దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. పాటలు నేనే రాసుకుని, బాణీ కట్టుకుని, గిటార్ మీద పాడుకుంటాను. చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాల దాకా నేర్చుకుని వదిలేశాను. నాలుగు పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టాను. చుట్టాలు, ఆఫీసు వాళ్ళు తప్ప పెద్దగా ఎవరూ వినలేదు.

ఇప్పుడు బోనస్, చీటీ డబ్బులు కలిపి రెండు లక్షల దాకా చేతికొచ్చాయి. ఒక ఫ్రెండ్ మొత్తం పెట్టి ఒక్క పాటకి మంచి వీడియో తీయమంటాడు. ఇంకొకడు ఇంట్లోనే స్టూడియో పెట్టుకో, జీవితాంతం ఉంటుంది అంటాడు. ఇన్‌స్టాలో ఎవరో మెసేజ్ పెట్టారు, లక్ష వ్యూస్ గ్యారంటీ అని. ఉద్యోగం మానే ఆలోచన లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. పాటల లింకులు కింద పెట్టాను.

రాత్రి_మిక్సింగ్:
ముందు ఆ గ్యారంటీ వాడిని బ్లాక్ చెయ్యి. వాళ్ళు తెచ్చేది మనుషుల్ని కాదు, బాట్లని. యూట్యూబ్ వాటిని గుర్తుపట్టి తీసేస్తుంది. స్పాటిఫై అయితే 2024 నుంచి దొంగ స్ట్రీములు ఎక్కువగా ఉన్న పాటలకి డిస్ట్రిబ్యూటర్ (మన పాటని యాప్‌లలోకి ఎక్కించే కంపెనీ) మీద జరిమానా వేస్తోంది. ఆ డబ్బు వాళ్ళు నీ దగ్గర వసూలు చేస్తారు, లేదా పాటే తీసేస్తారు. డబ్బిచ్చి మరీ పాట పోగొట్టుకోవడం.

పాటలు విన్నాను. వాన పాట బాణీ బాగుంది, నిజంగా. కానీ ఫ్యాన్ చప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఉంది, గిటార్ కింది తీగ శృతి తప్పింది, పల్లవి చివర దీర్ఘం దగ్గర గొంతు కిందికి జారుతోంది. ఈ మూడిట్లో మొదటి రెండూ తక్కువ ఖర్చుతో పోతాయి. మూడోదానికి నా దగ్గర మందు లేదు. పిచ్ కరెక్షన్ (సాఫ్ట్‌వేర్‌తో శృతి సరిచేయడం) పెట్టగలను కానీ స్టేజీ మీద నిన్ను ఎవరు కరెక్ట్ చేస్తారు?

పల్లె_డప్పు:
నమస్తే తమ్మీ. మాది జగిత్యాల వైపు. జానపదాలు రాస్తా, పాడతా, మా వాళ్ళతోటి వీడియోలు తీస్తా. అందరూ వీడియో దండగ అంటారేమో గానీ, యూట్యూబ్‌లో మన పాట నడిచేది బొమ్మతోనే. మా దిక్కు ప్రైవేటు సాంగ్స్, అంటే సినిమావి కాని పాటలు, అన్నీ అట్లనే జనంలోకి పోయినయి. పొలం గట్టు, చెరువు కట్ట, పాత పెంకుటిల్లు, ఒక్క రోజు షూటింగ్. డాన్సర్లు, కెమెరా, ఎడిటింగ్, అందరికీ అన్నం. అంతే ఖర్చు.

కానీ నువ్వు చేసేది గిటార్ పాట. దానికి డ్రోన్ షాట్లు అవసరం లేదు. కూర్చుని పాడిన వీడియో ఒకటి, వెలుతురు సరిగ్గా ఉన్న చోట, శబ్దం విడిగా రికార్డ్ చేసి కలిపితే చాలు. మొత్తం రెండు లక్షలు ఒక్క పాటకి పెట్టకు. అది ఆడకపోతే రెండో పాట తీసే ఓపికా ఉండదు, డబ్బూ ఉండదు.

ఇంకో మాట. పాట ఎప్పుడు వదలాలి అన్నది చాలామంది పట్టించుకోరు. బతుకమ్మ పాట, బోనాల పాట, సంక్రాంతి పాట, పెళ్ళి పాట ఏటా మళ్ళా లేస్తాయి. పండుగకి మూడు నాలుగు వారాల ముందు వదిలితే డీజే వాళ్ళకి, రీల్స్ చేసే పిల్లలకి చేరతది. పండుగ రోజు వదిలితే అయిపోయినట్టే. మీ గోదావరి దిక్కు సంక్రాంతికి అల్లుళ్ళ మీద ఒక్క మంచి పాట రాయరాదూ?

విజయనగరం_వయొలిన్:
బాబూ, నేను సంగీతం చెప్పుకునే దాన్ని. సామాన్ల సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు, నేను గొంతు గురించే చెబుతాను.

మీ నాలుగు పాటల్లో మూడు జి శృతిలోనే ఉన్నాయి. గిటార్ మీద చేతికి సులువని అక్కడ పెట్టుకున్నారనుకుంటాను. చరణంలో తారస్థాయి షడ్జమానికి వెళ్ళేసరికి గొంతు బిగుసుకుంటోంది, మాట నలిగిపోతోంది. వాయిద్యానికి వీలైన శృతిలో పాడుతున్నారు, మీ శృతిలో కాదు. ముందు అది తేల్చుకోండి.

తరవాత ఒక గురువుని వెతుక్కోండి. ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు గానీ, మీ తప్పు విని ఆపేవాళ్ళు కావాలి. వీడియో కోర్సులు మిమ్మల్ని వినవు. పొద్దున్నే తంబూర యాప్ పెట్టుకుని మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో అకారం, మాయామాళవగౌళలో సరళీ వరుసలు మూడు కాలాల్లో, అలంకారాలు. రెండో కాలంలో బాగా పాడేవాళ్ళు కూడా మొదటి కాలంలో దొరికిపోతారు. నెమ్మదిగా పాడితే శృతి ఎక్కడ జారుతోందో మీకే వినబడుతుంది. రికార్డ్ చేసుకుని మర్నాడు వినండి, అదే రోజు కాదు.

ప్రభుత్వ సంగీత కళాశాలలు విజయనగరంలో, విజయవాడలో, హైదరాబాద్ రామకోటిలో ఉన్నాయి. ప్రైవేటు కోర్సులతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. మా ఊరి కళాశాల 1919లో మొదలైంది, హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. హరికథకుడంటే రాసేదీ, పాడేదీ, ఆడేదీ, మధ్యలో పిట్టకథ చెప్పి జనాన్ని కదలకుండా కూర్చోబెట్టేదీ ఒక్కడే. మీరు ఇండిపెండెంట్ ఆర్టిస్ట్ అంటున్న మనిషి మనకి కొత్తేమీ కాదు. తేడా అల్లా వాళ్ళు చాలాకాలం నేర్చుకున్నాక గజ్జె కట్టేవారు.

గోదారి_గాలి:
మేడమ్, జి సంగతి మీరు చెప్పేదాకా తట్టలేదు. నిజమే, ఓపెన్ కార్డ్స్ అని అక్కడే కట్టుకుంటున్నాను.

@రాత్రి_మిక్సింగ్ అన్నా, నా గది పదికి పదకొండు అడుగులు. పక్క ఫ్లాట్‌లో చంటిపాప ఉంది. గోడలకి గుడ్ల అట్టలు అంటిస్తే సౌండ్ బయటకి పోదంటున్నారు, నిజమేనా? మైక్ ఏది కొనాలి?

రాత్రి_మిక్సింగ్:
గుడ్ల అట్టలు ఏమీ ఆపవు. బయటకి పోకుండా ఆపడం వేరు, గదిలో ప్రతిధ్వని తగ్గించడం వేరు. మొదటిది కావాలంటే బరువైన గోడ, సందులు లేని తలుపు కావాలి. అద్దె ఇంట్లో అది మర్చిపో. రెండోది చవకలో అవుతుంది. రెండంగుళాల రాక్‌వూల్ (శబ్దాన్ని పీల్చే రాతి ఉన్ని) చెక్క ఫ్రేములో పెట్టి బట్ట చుట్టి నీ వెనకా, పక్కనా నిలబెట్టు. అదీ కాకపోతే బట్టల బీరువా తలుపులు తీసి, మంచం మీద పరుపు గోడకి నిలబెట్టి, వాటి మధ్యలో పాడు. నవ్వకు, చాలా డెమోలు అలాగే అయ్యాయి.

మైక్ విషయానికొస్తే, అలాంటి గదిలో కండెన్సర్ రకం మైక్ కొనకు. అది పక్క ఫ్లాట్ పాపనీ, కింద వాచ్‌మన్ రేడియోనీ కూడా పట్టుకుంటుంది. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్ తీసుకో, రేపు స్టేజీ మీదా పనికొస్తుంది. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్, స్టాండ్, ప, బ పలికేటప్పుడు గాలి దెబ్బ ఆపే పాప్ ఫిల్టర్. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి రీపర్ చాలు, 60 రోజులు వాడి చూసి తరవాత లైసెన్స్ కొనుక్కోవచ్చు. క్రాక్ వెర్షన్ల జోలికి పోకు. ఇదంతా 40 వేల లోపు తేల్చు. స్పీకర్లు ఇప్పుడు వద్దు. ఆ గదిలో పెద్ద స్పీకర్ నీకు అబద్ధమే చెబుతుంది.

రికార్డ్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టు. గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ (మైక్ శబ్దం పెంచే మర) పెట్టు. ఫ్యాన్ ఆపు, ఫ్రిజ్ ప్లగ్ తీయి. ఫ్రిజ్ మళ్ళీ పెట్టడం మర్చిపోతే ఇంట్లో గొడవ నీది.

మిక్సింగ్, అంటే గొంతునీ వాయిద్యాలనీ సమంగా కలపడం, నువ్వే నేర్చుకో, కానీ బయటకి వదిలే పాట వేరేవాళ్ళ చేత చేయించు. నీ గొంతు నీకు అలవాటైపోతుంది, తప్పు వినబడదు.

బీట్‌బాక్స్_బాబీ:
ఇదంతా ఎందుకు బ్రో, ఇప్పుడు ఏఐలో మాట టైప్ చేస్తే పాట వస్తోంది 😅

విజయనగరం_వయొలిన్:
వస్తోంది నాయనా. పెళ్ళిలో కరెంటు పోయినప్పుడు దాన్ని పాడమనండి.

ట్రాక్_పాడే_అక్క:
మేడమ్ 👏

తమ్ముడూ, నేను స్టూడియోల్లో ట్రాకులు, కోరస్‌లు, అడ్వర్టైజ్‌మెంట్ జింగిల్స్ పాడతాను, శని ఆదివారాల్లో ఆర్కెస్ట్రా. నువ్వు పెట్టే డబ్బు గురించి అందరూ చెబుతున్నారు, వచ్చే డబ్బు గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెబుతాను.

స్ట్రీమింగ్‌తో ఇల్లు గడవదు. స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణం, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి. మొదట్లో డబ్బొచ్చేది మనుషుల ముందు పాడితేనే: కేఫ్, కాలేజీ ఫెస్ట్, కంపెనీ ఈవెంట్, సంగీత్. అక్కడ నీ సొంత పాటలు రెండే పాడనిస్తారు, మిగతావి వాళ్ళు అడిగిన సినిమా పాటలు. చిన్నతనం అనుకోకు. ఆ రెండు పాటలకి జనం ఫోన్లు చూసుకుంటున్నారా, తలెత్తుతున్నారా అన్నది ఏ యాప్ చెప్పదు.

హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి బంజారాహిల్స్‌లో కచేరీలు, కళా కార్యక్రమాలు జరిగే లామకాన్ లాంటి చోట్లకి ముందు వినడానికి వెళ్ళు. ఎవరు పాడుతున్నారు, సౌండ్ ఎవరు చూస్తున్నారు, తబలా ఎవరు, ముఖపరిచయాలు చేసుకో. నాకు వచ్చిన పని చాలావరకు ఇలా పరిచయమైన వాయిద్యకారులు చెప్పినదే.

ఇంకా ఉచ్చారణ. నీ వాన పాటలో "వేళ" అన్నది "వేల" అని వినబడుతోంది. స్టూడియోలో ళ, ణ, ష పలకలేనివాళ్ళని రెండోసారి పిలవరు. దీనికి పైసా ఖర్చు లేదు, రోజూ గట్టిగా పద్యాలు చదువు. మైక్ దూరం కూడా: తగ్గు స్వరంలో దగ్గరికి, గట్టి స్వరంలో కొంచెం వెనక్కి. ఎస్ఎం58 కొంటే ఇది ఇంట్లోనే సాధన చేయొచ్చు.

ప్రోగ్రాంకి ముందు సగం అడ్వాన్స్ తీసుకోకుండా బండెక్కకు. ఒక నిర్వాహకుడు నా దగ్గర మూడు ప్రోగ్రాములు చేయించుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు.

లెక్కల_పద్దు:
నేను అకౌంట్స్ చూసే వృత్తిలో ఉన్నాను, సాయంత్రాలు కీబోర్డు. నేను చెప్పేది కొంచెం ఎండుగా ఉంటుంది, అయినా చదవండి.

వినేవాళ్ళకి పాట ఒకటే. కాగితం మీద హక్కులు మూడు: సాహిత్యం, సంగీతం, రికార్డింగ్. రాసినవాడికి, బాణీ కట్టినవాడికి వాళ్ళ జీవితకాలం, ఆ తరవాత 60 ఏళ్ళు. రికార్డింగ్‌కి అది విడుదలయ్యాక 60 ఏళ్ళు. రికార్డింగ్ చేయించే బాధ్యత ఎవరు నెత్తినేసుకుంటే నిర్మాత వాళ్ళు. మీ రెండు లక్షలతో మీరే చేయించుకుంటే మీరే నిర్మాత. నన్నడిగితే ఆ డబ్బుకి దొరికే అసలు వస్తువు ఇదే, మైక్ కాదు.

ఇప్పుడు ఒక ఛానల్ వాళ్ళు వచ్చి "పాతిక వేలిస్తాం, సర్వహక్కులూ మాకు" అన్నారనుకోండి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అని రాయిస్తారు. ఆ రెండు మాటల దగ్గర ఆగండి, బేరం అక్కడ చేయండి. కాపీరైట్ చట్టానికి 2012లో జరిగిన సవరణ తరవాత రచయిత, స్వరకర్తలకి రావలసిన రాయల్టీ వాటాని వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. అది వసూలు చేసేది ఐపీఆర్ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). 1969లో పెట్టిన సంస్థ, 2017లో కాపీరైట్ సొసైటీగా మళ్ళీ నమోదైంది. మీరు రాసి బాణీ కడతారు కాబట్టి రెండు హోదాల్లోనూ సభ్యత్వానికి అర్హులు. పాటలు అక్కడ నమోదు చేయకపోతే మీ పేర డబ్బు వచ్చే దారి లేదు.

ఫ్లూట్ వాయించినాయనకి డబ్బిచ్చేటప్పుడు ఒక పేజీ కాగితం రాసుకోండి: ఎంత ఇచ్చారు, ఏ పాటకి, పేరు ఎలా వేయాలి. ఫ్రెండ్‌తో కలిసి బాణీ కడితే ఎవరి వాటా ఎంతో ఆ రోజే వాట్సాప్‌లో అయినా రాసుకోండి. పాట ఆడాక ఎవరి జ్ఞాపకం వాళ్ళదే.

పన్ను: కంపెనీలు ప్రోగ్రాం ఫీజులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ కోస్తాయి, ఆదాయపు పన్ను సైట్‌లో మీ పాన్ మీద అది కనబడుతుందో లేదో చూసుకుని రిటర్న్ వేయండి. మీకు జీతం ఉంది కాబట్టి ఇది మర్చిపోతే నోటీసు రావచ్చు. జీఎస్టీ గొడవ 20 లక్షల టర్నోవర్ దాటాక, అంతదాకా టెన్షన్ వద్దు.

పల్లె_డప్పు:
ఈ సారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మా దిక్కు పాటని ఛానల్‌కి గంపగుత్తగా అమ్ముకుని, అది కోట్ల వ్యూస్ పోయినంక టీవీలో చూసుకుని సంతోషపడేవాళ్ళు ఎందరో. ఇంకోటి, అవ్వల కాలం నాటి పాట ఎవరి సొత్తూ కాదు. నువ్వు పాడిన రికార్డింగే నీది. దాన్ని పట్టుకుని వేరే వాళ్ళ వీడియోలకి క్లెయిమ్ వేస్తే ఊళ్ళో పరువు పోతది.

గోదారి_గాలి:
సినిమా పాటల కవర్లు పెడితే వ్యూస్ వస్తాయంటున్నారు. అది చేయొచ్చా?

లెక్కల_పద్దు:
చేసేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. యూట్యూబ్‌లో చాలావరకు కంటెంట్ ఐడీ (ఎవరి పాటో దానంతటదే గుర్తుపట్టే వ్యవస్థ) పట్టుకుని ఆదాయం లేబుల్‌కి మళ్ళిస్తుంది, కొన్నిసార్లు వీడియో ఆపేస్తుంది. చట్టంలో కవర్లకి లైసెన్స్ దారి ఉంది గానీ, మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక 5 ఏళ్ళు గడవాలి, ముందుగా నోటీసు, రాయల్టీ కట్టాలి. కాబట్టి కవర్‌ని పరిచయానికి వాడుకోండి, ఆదాయం అనుకోవద్దు.

డాలస్_బావ:
ఇక్కడి నుంచి ఒక మాట. మా పిల్లల పుట్టినరోజుకి, అమ్మానాన్నల షష్టిపూర్తికి వాళ్ళ పేర్లతో పాట రాయించుకునేవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. ఏ పెద్ద సంగీత దర్శకుడూ ఆ పని చేయడు. ఒక నమూనా పాట పెట్టి, ఇంత ఖర్చు, ఇన్ని రోజులు పడుతుంది అని స్పష్టంగా రాస్తే అడుగుతారు. నీ మైక్ ఖర్చు దాంతోనే తిరిగొస్తుంది.

అమెరికాలో చూసేవాళ్ళుంటే యూట్యూబ్ ఆదాయం కూడా మెరుగ్గా ఉంటుంది. కానీ యూట్యూబ్ డబ్బు వచ్చే ఆడ్‌సెన్స్ ఖాతాలో అమెరికా పన్ను ఫారం నింపడం మరవద్దు. పాన్ ఇచ్చి భారత్-అమెరికా పన్ను ఒప్పందం రేటు అడిగితే ఇక్కడి వ్యూస్ ఆదాయం మీద 15 శాతం కోత. నింపకపోతే కోత మొత్తం ఆదాయం మీద పడే ప్రమాదం ఉంది. ఆ 15 శాతానికి మీ రిటర్న్‌లో క్రెడిట్ అడగొచ్చు, అది అకౌంటెంట్ గారు చెబుతారు.

తెలుగు సంఘాల ఉత్సవాలకి రమ్మని ఎవరైనా పిలిస్తే వీసా ఏదో అడుగు. విజిటర్ వీసా మీద వచ్చి డబ్బు తీసుకుని పాడకూడదు.

రాత్రి_మిక్సింగ్:
విడుదల గురించి రెండు ముక్కలు. డిస్ట్రిబ్యూటర్లలో కొందరు ఏడాది చందా తీసుకుంటారు, కొందరు ఒక్కో విడుదలకి ఒకేసారి తీసుకుని ఆదాయంలో వాటా పట్టుకుంటారు. ఏడాదికి రెండు పాటలే చేసేవాడికి చందా గిట్టుబాటు కాదు, చందా ఆపేస్తే పాటలు ఉంటాయా పోతాయా కూడా చదువుకో. ప్రతి రికార్డింగ్‌కీ గుర్తింపుగా ఇచ్చే ఐఎస్ఆర్‌సీ కోడ్, అక్షరాలూ అంకెలూ కలిపి 12, ఒక ఎక్సెల్‌లో రాసిపెట్టు. రేపు డిస్ట్రిబ్యూటర్ మారితే అదే కోడ్ మళ్ళీ ఇవ్వాలి, లేకపోతే పాత స్ట్రీములు పోతాయి. స్పాటిఫై ప్లేలిస్ట్ వాళ్ళకి పాట పంపాలంటే విడుదలకి కనీసం వారం ముందు పంపాలి. నేనైతే మూడు నాలుగు వారాల ముందే ఎక్కిస్తాను.

పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే స్పెల్లింగ్‌తో వెయ్యి. మనవాళ్ళు ఒక పాటకి ఒకలా రాస్తారు, చివరికి యాప్‌లో ముగ్గురు ఆర్టిస్టులు తయారవుతారు.

గోదారి_గాలి:
అందరికీ థాంక్స్. అన్నీ చదివి ఇలా అనుకుంటున్నాను: సామాను 40 వేలు. గురువు ఫీజు ఏడాదికి 36 వేలు పక్కన. వాన పాటతో కలిపి మూడు పాటలు మిక్సింగ్, మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు), ఫ్లూట్, తబలా కలిపి 60 వేలు. కూర్చుని పాడిన వీడియోలు మూడింటికి 25 వేలు. మిగిలింది బ్యాంకులో. ప్రమోషన్‌కి సున్నా.

పల్లె_డప్పు:
సున్నా పెట్టకు తమ్మీ. పాట వదిలినంక ఏ రీల్ దానంతటదే నడుస్తుందో చూసి, దాని మీదనే ఐదారు వేలు పెట్టు. నడవని దానికి పైసలు పోస్తే నడవదు.

ట్రాక్_పాడే_అక్క:
బ్యాంకులో ఉంచిన దాంట్లో చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి కొంచెం ఉంచుకో. గొంతు రెండు వారాలు బొంగురుగా ఉంటే కషాయాలు తాగుతూ కూర్చోకు.

రాత్రి_మిక్సింగ్:
60 వేలకి మూడు పాటలు అంటే సర్దుకోవాలి. ఫ్లూట్, తబలా ఒకే రోజు పిలిపించు, స్టూడియో అద్దె కలిసొస్తుంది. వాళ్ళు వచ్చేలోపు పాట టెంపో, శృతి ఖాయం చేసుకుని గైడ్ ట్రాక్ (వాళ్ళు విని వాయించడానికి నువ్వు పాడిన నమూనా) పంపు. ఫ్లూట్ ఆయన శృతిని బట్టి వేణువు తెచ్చుకోవాలి. వచ్చాక శృతి మార్చావంటే ఆయన బస్సెక్కేస్తాడు.

గోదారి_గాలి:
శృతి అంటే గుర్తొచ్చింది. మేడమ్, వాన పాట జి నుంచి ఇ కి దించి పాడాను. చరణంలో గొంతు బిగియట్లేదు. కానీ పల్లవి మొదట్లో కింది స్వరాలు గాలిలా వస్తున్నాయి, వినబడట్లేదు.

విజయనగరం_వయొలిన్:
ఇ మీకు మరీ కిందికి అయింది. ఎఫ్‌లో పాడి చూడండి. అప్పటికీ కింద బలం లేకపోతే శృతి తప్పు కాదు, మంద్రస్థాయి సాధన లేకపోవడం. దానికి సమయం పడుతుంది. ఈలోగా పల్లవి మొదటి పాదం బాణీని ఒక స్వరం పైనుంచి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో చూడండి, మీ బాణీయే కదా.

రాత్రి_మిక్సింగ్:
ఎఫ్ అయితే డి షేపులు పట్టుకుని కాపో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ నొక్కే క్లిప్పు) మూడో ఫ్రెట్‌లో పెట్టు. గైడ్ ట్రాక్ చేశాక పంపు, ఫ్యాన్ ఆపి.